అడవిలో రహస్య స్థావరం – హాస్టల్లో ట్రంకు పెట్టె

వార్షికోత్సవ సంచిక అనగానే చదువు గురించో, క్రమశిక్షణ గురించో, పోటీ పరీక్షల గురించో రాయడం మన ఆనవాయితీ. నేను మాత్రం ఒక ఆటబొమ్మ గురించి రాస్తున్నాను. పూర్వ విద్యార్థులైన అన్నలు విసుక్కోకుండా చివరిదాకా చదవాలి, వారితో కాస్త పనుంది.

డెన్మార్క్ దేశంలో బిల్లుండ్ అనే చిన్న ఊరిలో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో కొయ్యబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. అదే నేటి లెగో కంపెనీ. ఒకదానిలో ఒకటి బిగుసుకునే ప్లాస్టిక్ ఇటుకకు వాళ్ళు 1958లో పేటెంటు తీసుకున్నారు. ఆనాటి ఇటుక ఈనాటి ఇటుకలో ఇప్పటికీ సరిగ్గా కూర్చుంటుంది. ఈ ఇటుకలతో కోటలు, గుర్రపు వీరుల సెట్లు చేసి అమ్ముతూ 1987లో ‘ఫారెస్ట్‌మెన్’, అంటే అడవి మనుషులు, అనే కొత్త వరుస తెచ్చారు. మరుసటి ఏడు వచ్చిన సెట్టు వారి రహస్య స్థావరం. ఆకుపచ్చ టోపీ, దానికో ఈక, చేతిలో విల్లు, డాలు మీద జింక తల. పేరు రాయలేదు గానీ ఇది రాబిన్ హుడ్ ముఠా అని చూసిన ప్రతివాడికీ తెలుస్తుంది.

ఆ డాలు మీది జింక నాకు ఉత్త అలంకారంగా కనిపించదు. 11వ శతాబ్దంలో ఇంగ్లండును జయించిన విలియం రాజు విశాలమైన అడవులను తన వేట కోసం కేటాయించుకుని వాటికి వేరే చట్టం పెట్టాడు. జింక రాజుగారిది. అడవి అంచున బతికే పల్లెవాడు దాన్ని కొడితే నేరం. జింకను వేటాడినందుకు ఇకమీదట ఎవరి ప్రాణమూ, అవయవమూ తీయరాదని 1217లో ఒక శాసనం రాయవలసి వచ్చిందంటే అంతకుముందు ఏం జరిగేదో వేరే చెప్పాలా? రాబిన్ హుడ్ కథలు అలాంటి నేలమీద పుట్టాయి.

ఇంకో సంగతి కూడా మన పిల్లలు తెలుసుకోవాలి. తొలినాటి పాటల్లో రాబిన్ హుడ్ జమీందారు కాదు, ప్రభువు కాదు, సామాన్య కుటుంబీకుడు. 1598 నాటికి ఆంథొనీ మండే అనే రచయిత తన నాటకాల్లో అతన్ని హంటింగ్టన్ ప్రభువును చేసి కూర్చోబెట్టాడు. తరువాత వచ్చినవాళ్ళలో చాలామంది అదే దారి పట్టారు. ధైర్యం ఉంటే చాలదు, పుట్టుక కూడా పెద్దదై ఉండాలన్నమాట! మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. “మీ నాన్నగారు ఏం చేస్తుంటారు?” అన్న ప్రశ్న ఎన్నిచోట్ల ఎన్ని గొంతులతో అడుగుతారో నాకు తెలుసు, మీకూ తెలుసు. అందుకే ఈ బొమ్మ మనుషులు నాకు నచ్చారు. వాళ్ళకు ఇంటిపేరు లేదు. కోటలో సైనికుడిదైనా, అడవిలో విలుకాడిదైనా ముఖం ఒకే పసుపు రంగు.

అయితే బొమ్మ మంచిదైనంత మాత్రాన అది అందరికీ చేరుతుందా? కంపెనీకి 90 ఏళ్ళు నిండిన 2022లో ఆ పాత స్థావరాన్ని కొత్తగా తయారుచేశారు. దాన్ని విడిగా అమ్మలేదు. ఒక మొత్తానికి మించి కొన్నవారికి ఉచితంగా ఇచ్చారు. అంటే పేదవాడి పక్షం వహించిన అడవి మనుషులు, డబ్బున్నవాడి సంచిలో కొసరుగా వెళ్ళారు! అదే ఏడాది వచ్చిన పెద్ద కోట సెట్టులో ముక్కలు 4,514. కొసరు కొసరే, కోట కోటే.

మనకెందుకిదంతా అంటారా? పిల్లవాడికి దాక్కునే చోటు ఒకటి కావాలి. ఊళ్ళో ఉన్నవాడికి గడ్డివాము ఉంటుంది, చింతచెట్టు ఉంటుంది, ఏమీ లేకపోతే అమ్మ చీర మాటున్నా ఉంటుంది. హాస్టల్లో అందరూ ఒకే హాల్లో పడుకుంటాం, ఒకే కుళాయి దగ్గర వరుస కడతాం, ఏడ్చినా నలుగురి ముందే ఏడవాలి. మనకున్న ఏకైక రహస్య స్థావరం ట్రంకు పెట్టె. మూత లోపలివైపు అంటించుకున్న బొమ్మలు, బట్టల అడుగున దాచుకున్న పల్లీ ఉండలు, ఇంటినుంచి వచ్చిన ఉత్తరం. మూడో తరగతి తమ్ముడు మూత సగం తెరిచి, తల లోపల పెట్టి ఎంతసేపు ఉండిపోతాడో గమనించారా?

“అన్నం, దుప్పటి సరిగా అందితే అదే పదివేలు, బొమ్మలొకటా” అని కొందరు పెద్దలు అంటారు. అన్నం సంగతి అడగాల్సిందే, గట్టిగా అడగాలి. కానీ ఆ మాట మనకే ఎందుకు చెబుతారు? పట్నంలో నేను ట్యూషన్ చెప్పే ఇంట్లో పిల్లవాడికి అన్నమూ ఉంది, గదినిండా ఇటుకలూ ఉన్నాయి. ఎవరూ ఏదో ఒకటి ఎంచుకోమనలేదు. పైగా ఇది ఉత్త ఆట కూడా కాదు. ఎనిమిది బొడిపెల ఇటుకలు, ఒకే రంగువి, ఆరు ఇస్తే ఎన్ని రకాలుగా కలపవచ్చు? కంపెనీ చాలాకాలం 10,29,81,500 అని చెప్పుకుంది. కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయ గణిత ఆచార్యుడు సోరెన్ ఐలర్స్ కంప్యూటరుతో లెక్కించి, కాదు 91,51,03,765 అని తేల్చాడు. తయారుచేసిన కంపెనీ లెక్కనే తప్పని చూపించాడు! ఆ ఆరు ఇటుకలు మన తమ్ముళ్ళ చేతిలో పడకుండానే వాళ్ళకు లెక్కలు రావని మాత్రం అనేస్తాం.

ఇక అన్నలతో పని. హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉన్నవారి ఇళ్ళలో పిల్లలు పెద్దవాళ్ళయ్యాక అటకెక్కిన ఇటుకల డబ్బాలు ఉంటాయి. వచ్చే వార్షికోత్సవానికి శాలువాలు, జ్ఞాపికలు మాని అవి తీసుకురండి. సెట్టు పూర్తిగా లేకపోయినా, ఎలా కట్టాలో చూపే పుస్తకం పోయినా ఫరవాలేదు, పాతవీ కొత్తవీ కలుస్తాయని ముందే చెప్పాను. గోరువెచ్చని సబ్బునీళ్ళలో కడిగి ఆరబెట్టండి, ఉడకబెట్టవద్దు, ప్లాస్టిక్ వంకర పోతుంది. స్టడీ హాల్లో పెట్టడానికి ఒక పెద్ద ట్రంకు నేను కొంటాను. తాళం చెవి మాత్రం ఆఫీసు గదిలో ఉండకూడదు. ఐదో తరగతి వాళ్ళలో ఒకరి మొలతాడుకు ఉండాలి.