ఎగసిన పాదం – ఆగిన పాదం

ఈ సంవత్సరం మన విద్యార్థులు కొందరు, సాయంకాలం వేళ కరాటే శిక్షణకై సమావేశ మందిరాన్ని ఇప్పించవలసిందిగా పాలక సంఘానికి అర్జీ పెట్టుకున్నారు. దానిపై పెద్దలలో రెండు అభిప్రాయాలు వినవచ్చాయి. చదువుకోవడానికి వచ్చిన పిల్లలకు కొట్లాట విద్య దేనికని కొందరు. వ్యాయామమే కదా, నేర్చుకోనివ్వండని మరికొందరు. అర్జీదారుల మనస్సులో ఉన్నది మాత్రం ఈ రెండూ కావు. వారికి కావలసినది గాలిలోకి లేచి, గిర్రున ఒక చుట్టు తిరిగి, ఎదుటివాని తలయెత్తున కాలు విసిరే ఆ కిక్కు. వార్షికోత్సవం నాటికి అది వచ్చి తీరాలి. నేను తెలుగు చెప్పుకొని బ్రతికేవాణ్ణి. వ్యాయామ విద్య నా విషయం కాదు. అయినా ఇరుపక్షాలవారూ తెలుసుకోదగిన ఒక తండ్రీకొడుకుల చరిత్ర ఉన్నది కనుక ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసిస్తున్నాను.

గిచిన్ ఫునకోషి 1868లో ఒకినావా ద్వీపంలోని షురీ పట్టణంలో జన్మించారు. బాల్యంలో రోగిష్ఠి. వృత్తిరీత్యా బడిపంతులు. ఈ సంగతి మా అధ్యాపక వర్గానికి కొంత గర్వకారణం. యౌవనంలో మూడు కతాలు నేర్వడానికి ఆయనకు పదేళ్ళు పట్టింది. కతా అంటే మన కథ కాదు. ఊహలోని ప్రత్యర్థులతో వరుస తప్పక చేసే అంగవిన్యాసాల కూర్పు. 1922లో, యాభై యేళ్ళు దాటిన వయస్సులో, విద్యాశాఖవారు ఏర్పాటు చేసిన ప్రదర్శనకై టోక్యో వెళ్ళి, అక్కడనే ఉండిపోయారు. ఒకినావా విద్యార్థుల వసతి గృహంలో చిన్న గది, కావలి పని, వాకిలి ఊడ్చే పని. తీరిక వేళ కరాటే పాఠం. ఆయన నేర్చిన పాత విద్యలో చేతిదే పైచేయి. కాలు లేచినా సాధారణంగా నడుము దాటి లేచేది కాదు. అది అసమర్థత వలన కాదు. కాలు పైకి లేపినవాడు ఒంటికాలిపై మిగులుతాడు. ఆ క్షణంలో ఎదుటివాడు పాదం పట్టుకుంటే ఇక చెప్పవలసినదేమున్నది!

మూడవ కుమారుడు యోషితాకా 1906లో జన్మించాడు. చిన్ననాడే క్షయవ్యాధి సోకింది. ఎక్కువకాలం బ్రతకడని వైద్యులు చెప్పిన ఆ పిల్లవాడే 1930లలో తండ్రి శిక్షణాలయానికి ప్రధాన బోధకుడైనాడు. అతని చేతిలో ఆ విద్య రూపమే మారిపోయింది. నిలుచునే భంగిమలు లోతుగా, పొడుగ్గా సాగాయి. కాళ్ళు పైకి లేచాయి. ఈనాడు షోటోకాన్ శాఖలో కనిపించే ఎత్తైన కిక్కులలో పెక్కింటికి, ముఖ్యంగా పక్కనుండి చుట్టివచ్చే ‘మవాషి గెరి’కి, ఆ చరిత్ర చెప్పేవారు అతని పేరే చెబుతారు.

ఆ కిక్కు సంగతి కొంచెం నిదానంగా చూడాలి. మన పిల్లలు పాదాన్ని చూస్తున్నారు. పని మొదలయ్యేది మోకాలి దగ్గర. ముందుగా మోకాలు ముడుచుకొని పక్కగా లేవాలి. నేలపై ఉన్న రెండవ పాదం మడమ లక్ష్యంవైపు తిరగాలి. అది తిరగకపోతే పైకి లేచిన కాలి బలమంతా నిలిచిన కాలి మోకాలి కీలును మెలిపెడుతుంది. పిమ్మట తుంటి తిరుగుతుంది. అన్నిటికన్న చివర పాదం కొరడా కొసవలె విచ్చుకుంటుంది. విచ్చుకున్న కాలు అంతే వేగంగా మడతపడి వెనుకకు రావాలి. గాలిలోకి లేచి చేసే జంట కిక్కు ‘కంకూ దాయి’ అనే కతాలోనే ఉన్నది: మొదటి కాలు నిచ్చెన, రెండవది దెబ్బ. ‘ఉన్సూ’ అనే కతాలో గాలిలో ఒక పూర్తి చుట్టు ఉన్నది. ఎగరడం నిషిద్ధమని కరాటే ఏనాడూ అనలేదు. ఎన్ని మెట్లెక్కిన తరువాత అన్నదే ప్రశ్న.

మన హైదరాబాదు తాలీంఖానాలలో ఉస్తాదు మాట జవదాటరాదని పట్టుదల. అది మంచి సంప్రదాయమే, కాని కొన్నిచోట్ల ఉస్తాదుకు రాని పట్టు శిష్యునికి రాకుండానే పోయింది. ఫునకోషి తన పాత పద్ధతిని విడువలేదు. అయినా తన పద్ధతిని ఇంతగా మార్చిన కుమారుణ్ణే బోధకుని స్థానంలో ఉంచారు. నా దృష్టిలో ఆ కుటుంబ చరిత్రలో ఇంతకంటె పెద్ద ఘట్టం లేదు. 1945లో టోక్యోపై పడిన బాంబులకు ఆ శిక్షణాలయం దగ్ధమైంది. అదే ఏట యోషితాకా మరణించాడు. నలభై యేళ్ళయినా నిండలేదు. తండ్రి 1957 వరకు జీవించారు. నేడు దేశదేశాల పిల్లలు తండ్రి పటానికి నమస్కరించి కొడుకు కిక్కులు అభ్యసిస్తున్నారు.

ఇక రెండవ సంగతి. 2021 ఆగస్టు 7న టోక్యోలోని బుడోకాన్ మందిరంలో ఒలింపిక్ కరాటే చివరి పోటీ. సౌదీ అరేబియాకు చెందిన తారిక్ హామిదీకి 23 ఏళ్ళు. ఎదుట ఇరాన్ వీరుడు సజ్జాద్ గంజ్ జాదే. హామిదీ 4–1తో ముందున్నాడు. గెలిస్తే అతని దేశానికి ఒలింపిక్స్‌లో అది మొట్టమొదటి స్వర్ణం. ఆ స్థితిలో అతడు విసిరిన కాలు గంజ్ జాదే మెడకు తగిలింది. ఆయన స్పృహ కోల్పోయాడు, స్ట్రెచర్‌పై మోసుకుపోయారు. న్యాయనిర్ణేతలు హామిదీని అనర్హునిగా ప్రకటించారు. పడిపోయినవాడు స్వర్ణం అందుకున్నాడు, పడగొట్టినవాడు రజతం.

మన విద్యార్థులు ఇది ఘోర అన్యాయమని నాతో వాదించారు. దెబ్బకు పడినవాడు ఓడినట్టా, గెలిచినట్టా అని ఒకడు నిలదీశాడు. తరగతిలో సంధి సూత్రాలపై ఇంత ఆసక్తి చూపి ఉంటే ఎంత బాగుండేది! ఆ యువకుని దుఃఖం నాకు తెలియక కాదు. బుద్ధిపూర్వకంగా గాయపరిచాడని నేను అనను. అయినా తీర్పు సరియైనదేనని నా అభిప్రాయం. ఆ పోటీ నిబంధనలలో తలయెత్తు కిక్కుకు అత్యధికంగా మూడు పాయింట్లిస్తారు; తాకీ తాకనట్టు ఆపగలిగిన కిక్కుకే ఆ మూడూ. ఆపడం కూడా విద్యలో భాగమని ఒప్పుకొని బరిలో దిగిన తరువాత, ఆగకపోయిన కాలికి బహుమతి అడగడానికి వీలులేదు. కొట్లాట విద్య అని సంశయించే పెద్దలు కూడ ఈ తీర్పును ఒకసారి ఆలోచించాలి. వీధి కొట్లాటలో గట్టిగా కొట్టినందుకు ఎవరైనా ఓడిపోయారా?

కనుక అర్జీని అంగీకరించవలసిందిగా కమిటీవారిని నేను కోరుతున్నాను. బాలికలకు వేరు సమయం కేటాయించాలి. వద్దనేవారు నిజామాబాదు తండ్రి ఒకరు కుమార్తెకు తానే తొలి శిక్షకుడై చేతులకు బాక్సింగు తొడుగులు వేయించగా, ఆ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ విజేత కావడం గుర్తు చేసుకోవాలి. నేలపై మందపాటి చాపలు పరచనిదే ఎవరినీ ఎగరనివ్వకూడదు. మొదటి సంవత్సరమంతా నిలవడం, మోకాలు లేపడం, కాలు వెనుకకు తీయడం, ఇంతే. పిల్లలు విసుగుకొంటారు. విసుగుకోనివ్వండి.

వార్షికోత్సవంలో పెంకులు పగులగొట్టే ప్రదర్శన మాత్రం వద్దు. వేదికపై తలయెత్తున ఒక నీళ్ళకుండ వ్రేలాడదీయాలి. పిల్లవాడు ఎగిరి, తిరిగి, పాదాన్ని కుండదాకా తేవాలి. కుండ ఊగకూడదు, చుక్క నీరు తొణకకూడదు. ఆ కుండ మా ఇంటినుండి నేనే తెస్తాను.