ట్రిపుల్ ఆర్‌లో భూమి పోతుందా? ఆ 21 రోజులే కీలకం

హైదరాబాద్ చుట్టూ ఇప్పటికే 158 కిలోమీటర్ల ఓఆర్ఆర్ ఉంది. దానికి అవతల రాబోతున్నదే రీజనల్ రింగ్ రోడ్డు.. అదే ట్రిపుల్ ఆర్. ఉత్తర భాగం సంగారెడ్డి నుంచి నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ వరకు వెళ్తుంది. రోడ్డొస్తే చుట్టుపక్కల భూముల రేట్లు పెరుగుతాయ్. మరి ఆ రోడ్డు కిందే పొలం పోయే రైతు సంగతేంటి?

జాతీయ రహదారుల చట్టం ప్రకారం ముందు 3ఏ నోటిఫికేషన్ వస్తుంది. గెజిట్‌లో వచ్చిన రోజు నుంచి 21 రోజుల్లోగా అభ్యంతరం రాసివ్వాలి. ఆ తర్వాత 3డీ వచ్చిందంటే భూమి కేంద్రం చేతికి వెళ్లిపోయినట్టే. ఇక మిగిలేది పరిహారం లెక్కే.

అసలు గొడవ కూడా అక్కడే. ఊళ్లో నడిచే రేటు ఎంతున్నా.. లెక్క వేసేది రిజిస్ట్రేషన్ విలువ, గత మూడేళ్ల సేల్ డీడ్‌లను బట్టి. డీడ్‌లలో ధర తక్కువ చూపిస్తే పరిహారమూ తగ్గుతుంది. అది చాలదనుకుంటే ఆర్బిట్రేటర్ దగ్గరకు వెళ్లొచ్చు.

ఉత్తర భాగంలో ఈ నోటిఫికేషన్లు 2022లోనే మొదలయ్యాయి. దక్షిణ భాగం రైతులకు ఇదే పాఠం.. గెజిట్‌లో తమ సర్వే నంబర్ ఉందో లేదో ముందు చూసుకోవాలి. గడువు దాటాక ధర్నా చేసినా ఆ 21 రోజులు తిరిగిరావు.