కొండ నెక్కించు వారికి శిక్షణ

2014వ సంవత్సరము మే నెల 25వ తేదీన, సాంఘిక సంక్షేమ గురుకులములలో చదువుచున్న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనందకుమార్ ఎవరెస్టు శిఖరమును చేరిరి. అప్పటికి పూర్ణకు పదునాలుగేండ్లు నిండలేదు. సరిగా పదునాలుగు దినములకు, జూన్ 8వ తేదీన, విహారయాత్రకై హిమాచల ప్రదేశమునకు వెళ్లిన హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు బియాస్ నదిలోని బండలపై నిలిచియుండగా, ఎగువనున్న లార్జీ ఆనకట్ట నుండి విడిచిన నీరు ముంచుకొనివచ్చి ఇరువదినలుగురిని పొట్టన పెట్టుకొన్నది. మొదటి యిద్దరును మృత్యువు పొంచియుండు చోటికే పోయిరి. అయినను భువనగిరి బండలపై ఆరంభమై డార్జిలింగులోను, లడఖ్ చలిలోను సాగిన దీర్ఘశిక్షణ వారి వెంట నుండెను. రెండవవారు పోయినది వినోదమునకు. ఆ నది స్వభావ మెరిగి, ‘దిగవల’దని గట్టిగా వారింపగల మనుష్యుడు వారి నడుమ లేకపోయెను. నీటిని విడిచినవారి బాధ్యత వేరుగ నుండనే యున్నది. కాని అపాయమును అంచనా వేయగల ఎరుక వెంటనున్నప్పుడు ఎంతటి సాహసమైనను సాధ్యమనియు, అది లేనప్పుడు వినోదము సయితము విషాద మగుననియు ఆ పదునాలుగు దినములు తెలుగువారికి బోధించినవి.

ఈ బోధ మనకు నేడు మిక్కిలి అవసరము. రెండువందల యేబది కోట్ల సంవత్సరముల వయస్సు గల గ్రానైటు బండలు హైదరాబాదు చుట్టును పరచుకొని యున్నవి. ఖాజాగూడ గుట్టలు మొదలు భువనగిరి ఏకశిలా పర్వతము వరకు సెలవు దినములందు యువతీయువకులు గుంపులుగా చేరి, త్రాళ్లు కట్టుకొని బండలెక్కుచున్నారు. త్రాటిపై జారుచు దిగు రాపెలింగు చేసి దిగివచ్చుచున్నారు. ఈ కార్యక్రమములను పెక్కు సందర్భములలో లాభాపేక్ష లేని క్లబ్బులు నడుపుచున్నవి. ఖర్చులు అందరును పంచుకొందురు. వారమంతయు ఉద్యోగము చేసి, మిగిలిన ఒకటి రెండు దినములను పరులకై వెచ్చించు స్వచ్ఛంద సేవకులే నాయకత్వము వహింతురు. కంప్యూటరు ముందు కూర్చుండియే యౌవనమును గడపుచున్న తరమును ఆరుబయటికి కొనివచ్చి, భయమును గెలుచుట నేర్పుచున్న ఈ సేవ శ్లాఘనీయము. శ్లాఘనీయమగుట చేతనే దానిని నిలుపుకొనుటకు చేయదగిన పనిని జంకు లేక చెప్పవలసియున్నది. పదిమందిని కొండ నెక్కించు స్వచ్ఛంద నాయకునికి, అతడు ఒక్క రూకయైనను పుచ్చుకొనకున్నను, క్రమమైన శిక్షణయు, దాని వెనుక నిష్పాక్షికమైన పరీక్షయు ఉండితీరవలెను.

బండ చక్కగా నెక్కగలవాడు పదిమందిని చక్కగా నెక్కింపగలడను భ్రమ మనలో బలముగా నాటుకొన్నది. ఈదవచ్చిన వాడెల్ల ఈత నేర్పలేడు. ఆరోహకుని దృష్టి తన వ్రేళ్ల మీదను, తన పాదముల మీదను ఉండును. నాయకుని దృష్టి తాను పట్టుకొనని త్రాటి మీదను, తాను మునుపెరుగని మనిషి ముఖము మీదను ఉండవలెను. నైపుణ్యము ఏమరుపాటు నుండి రక్షింపదనుటకు 1989లో ఫ్రాన్సు దేశమున బ్యూ కొండచరియపై జరిగిన సంఘటన యొకటి చాలును. ఆనాటి ప్రపంచములో అగ్రశ్రేణి ఆరోహకురాలైన లిన్ హిల్, ఆమెకు సులభమైన మార్గమున ఎక్కుటకు సిద్ధపడుచు, నడుమునకు బిగించు పట్టీల తొడుగగు హార్నెస్‌కు వేయవలసిన త్రాటిముడిని పూర్తి చేయుట మరచెను. పైకి చేరి త్రాటిపై భారము మోపగనే ఇరువది మీటర్లకు మించిన ఎత్తునుండి పడిపోయెను. నడుమ నొక చెట్టు అడ్డుపడుటచే ప్రాణము దక్కెను. అంతటి నిపుణురాలికే తప్పని ఏమరుపాటు, మొదటిసారి హార్నెస్ తొడిగిన విద్యార్థికి తప్పునా? అందుచేతనే ఎక్కబోవు ప్రతి మనిషి ముడిని, హార్నెస్ బకిలును, కారబైనర్ కొక్కెపు తాళమును మరియొకరు చేతితో తాకి చూచుట నియమమైనది. ఉదయము మొదటి మనిషికి చేసిన తనిఖీని, మధ్యాహ్నము అలసట కమ్ముకొన్న వేళ ఇరువదవ మనిషికిని అంతే శ్రద్ధతో చేయగలుగుట పుట్టుకతో వచ్చు గుణము కాదు, అభ్యాసముచే అలవడునది.

కొత్తవారిని ఎక్కించునపుడు త్రాడు పైనుండి వచ్చు ‘టాప్ రోప్’ పద్ధతిని వాడుదురు. ఇందు ఎక్కువాని ప్రాణము యావత్తును పైన త్రాటిని బండకు బిగించు ఏర్పాటైన యాంకర్‌పై ఆధారపడియుండును. యాంకర్‌కు ఒకదానితో నొకటి సంబంధము లేని రెండు ఆధారములైనను ఉండవలెను. వానిలో నొకటి ఊడినను, రెండవది కుదుపు లేక భారమును మోయవలెను. రెండు ఆధారముల నుండి వచ్చు స్లింగుల (పట్టీల) నడుమ కోణము పెరిగినకొలదియు ఒక్కొక్కదానిపై పడు బలము పెరుగును. ఆ కోణము 120 డిగ్రీలైనచో భారము పంచుకొనబడుటకు మారుగా ప్రతి ఆధారము మీదను మొత్తము భారమంతయు పడును. ఈ లెక్క నెరుగని వాడు రెండు చోట్ల కట్టితినని నిశ్చింతగ నుండును. పైగా మన దక్కను బండల తీరు వేరు. ఇచటి గ్రానైటు పొరలు పొరలుగా లేచును. చూపునకు దృఢముగా నున్న అంచు, పిడికిలితో తట్టినచో డొల్లగా మ్రోగును. త్రాడు చుట్టుటకు అనువుగ కనబడు పెద్ద గుండు క్రింది బండపై ఎట్లు కుదురుకొని యున్నదో పరీక్షించి కాని నమ్మరాదు. ఇట్టి వివేకము పుస్తకమున లభింపదు. మన బండలపైననే, అనుభవజ్ఞుని పర్యవేక్షణమున, పలుమార్లు కట్టి విప్పి నేర్చుకొనవలెను.

ఇంతకంటె కష్టమైనది మనుష్యులను చూచుకొనుట. రాపెలింగు చేయు బాలిక చున్నీయో, విడిచిన జడయో, త్రాటిపై దిగు వేగమును అదుపుచేయు డిసెండర్‌లో చిక్కుకొన్నచో ఆమె నడిబండపై వ్రేలాడవలసివచ్చును. అట్టి యాపద ముందే యూహించి, భారము మోపియున్న త్రాటినే పైనుండి సడలించుటకు వీలుగా ఏర్పాటు చేసికొనువాడు శిక్షణ పొందినవాడు. కొండతేనె పట్లున్న చరియను ముందుగ గుర్తించి, గుంపును అటు పోనీయకుండుట, ఎండ ముదురక మునుపే పని ముగించుట, వంతు కొరకు వేచియున్నవారు బండ అంచునకు చేరకుండ చూచుట, రాళ్లు దొరలు చోట క్రింద నెవ్వరిని కూర్చుండనీయకుండుట, 108 వాహనము ఎంతవరకు రాగలదో, అచటికి క్షతగాత్రుని ఎట్లు చేర్చవలెనో బయలుదేరక మునుపే నిర్ణయించుకొనుట, ఇవన్నియు నాయకుని విధులే. అన్నింటికంటె మిన్నయైనది ‘నేటికి చాలు’నని చెప్పగల ధైర్యము. దూరమునుండి వచ్చి, వంతు రాక నిరాశపడిన స్నేహితుల యెదుట ఆ మాట పలుకుట కంటె, నిట్టనిలువు బండ నెక్కుటయే సులభము.

డార్జిలింగులోని హిమాలయ పర్వతారోహణ సంస్థ 1954లోను, ఉత్తరకాశిలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ 1965లోను వెలసినవి. వానికి సాటియైన విద్యాలయములు మన దేశమున అరుదు. కాని అచటి ప్రాథమిక శిక్షణ సుమారు నాలుగు వారములు సాగును. మంచుకొండలకు తగిన పర్వతారోహకుని తీర్చిదిద్దుటయే దాని లక్ష్యము. ఉద్యోగస్థుడైన స్వచ్ఛంద సేవకునికి అంత సెలవు దొరకదు; దొరకినను, ఇరువది మీటర్ల బండ క్రింద ఇరువదిమంది కొత్తవారిని సంబాళించు విద్య వేరు. మనకు కావలసినది చిన్నది, పరిమితమైనది, మన నేలకు తగినది.

ఇట్టి దానికి నమూనా లేకపోలేదు. బ్రిటనులో ఒక్క త్రాటి పొడవునకు మించని చరియలపై గుంపులను నడుపువారికి ప్రత్యేకమైన అర్హత కలదు. అభ్యర్థి తొలుత రెండు దినముల శిక్షణ పొందును. వెంటనే పరీక్షకు కూర్చుండడు. నడుమ కాలమున తానుగా పెక్కు మార్గములు ఎక్కి, ఇతర నాయకులకు సహాయకుడుగా గుంపులతో తిరిగి, ఆ అనుభవము నంతటిని దినచర్య పుస్తకమున వ్రాసికొని, ప్రథమచికిత్స నేర్చి, అటుపిమ్మట రెండు దినముల పరీక్షకు నిలుచును. శిక్షణకును పరీక్షకును నడుమనున్న ఆ యెడమే ఈ పద్ధతికి ప్రాణము. నేర్చినది అచటనే ఎరుకగా పరిణమించును. 1993లో లైమ్ అఖాతమున పడవల విహారమునకు పోయిన విద్యార్థులు నలుగురు మరణించిన పిమ్మట, ఆ దేశము 1995లో చట్టము చేసి సాహస క్రీడా కేంద్రములకు లైసెన్సు విధించెను. కాని తమ సభ్యులకై కార్యక్రమములు జరుపు స్వచ్ఛంద సంఘములను ఆ లైసెన్సు నుండి మినహాయించెను. చట్టము వదలినచోట సంఘముల స్వయంనియమమే కావలికాయవలెనని దీనివలన గ్రహింపవలసియున్నది.

తెలుగు రాష్ట్రములలోని క్లబ్బులు ఏకమై ఇట్టి యేర్పాటును ఆరంభింపవచ్చును. హిమాలయ సంస్థలలో బోధకశిక్షణ పొందినవారు మన నడుమ కలరు. భువనగిరిలో శిలారోహణ పాఠశాల కలదు. రెండు దినముల శిక్షణ, ఒక ఋతువు కాలము సహాయకత్వము, అనుభవ పుస్తకము, తన క్లబ్బునకు చెందని పరీక్షకుని యెదుట పరీక్ష, కొన్ని యేండ్ల కొకసారి పునఃపరిశీలన అనునవి చాలును. యోగ్యతాపత్రము ఏ తరహా బండకు, ఎంతమంది గుంపునకు చెల్లునో దానియందే వ్రాసియుండవలెను. కొండ ఏ శాఖ అధీనమున నున్నదో, ఆ శాఖ అనుమతి నిచ్చుటకు ముందు అట్టి నాయకుడు వెంట నున్నాడా యని అడిగినచో నియమమునకు బలము చేకూరును.

ఇందువలన స్వచ్ఛంద సేవకులు వెనుకంజ వేయుదురని కొందరు శంకింతురు. కాని మనము పెట్టుకొనని నియమములను ప్రమాదము తెచ్చిపెట్టును. 2018 మార్చిలో తమిళనాడున కురంగణి కొండలలో కార్చిచ్చు రేగి, ఇరువదిమందికి పైగా పదయాత్రికులు ప్రాణములు కోల్పోయిన పిమ్మట, అచటి ప్రభుత్వము అట్టి యాత్రలకు నియమావళి విధించెను. ప్రమాదానంతరము వచ్చు నియమములలో భయము పాలు హెచ్చు; వానికి జడిసి అనుమతులే నిలిచిపోవచ్చును. ముందుగ మనమే యేర్పరచుకొను నియమములలో వివేకము పాలు హెచ్చగును. కాగితము దొరకగానే నాయకుడై పోయితినను మిథ్యాధైర్యము కలుగునను మరియొక శంకయు న్యాయమైనదే. దానికి విరుగుడు పరీక్షను మానుట కాదు. అనుభవము చాలని వానికి పత్రము నీయకుండుటయు, ఏమరుపాటు చూపినవాని నుండి దానిని తిరిగి పుచ్చుకొనుటయును.

సేవ ఉచితమైనంత మాత్రమున దానికి అప్పగింపబడిన ప్రాణము వెలలేనిది కాకపోదు. తన బిడ్డను ఎరుగని వాని చేతి త్రాటికి అప్పగించు తల్లి, ఆ చేతికి శిక్షణ కలదా యని అడుగు హక్కు కలిగియున్నది. ఆ ప్రశ్నకు సూటిగ సమాధానము చెప్పగల స్థితికి మన క్లబ్బులు వచ్చు శీతకాలపు ఋతువునకు ముందే చేరవలెను.