ట్యూబు మీద కాలువలోకి

కాలువలకు నీళ్లు వదలగానే మన పల్లెల్లో మగపిల్లలు మొదట పరుగెత్తేది పంచర్ల షాపుకు. పాత లారీ ట్యూబుకు అతుకు వేయించి, గాలి పట్టించి, భుజాన వేసుకొని రేవుకు పోతారు. గోదావరి, కృష్ణా కాలువల గట్ల మీద ఏటా చూసేదే. ఈ సరదాను మేము తప్పు పట్టడం లేదు. ఆ వయసు పిల్లలను నీళ్లకు దూరంగా ఉంచడం ఎవరి తరం? కాని తల్లిదండ్రులు కొన్ని సంగతులు తెలిసి ఉండాలి.

ఈత రాని పిల్లవాణ్ణి లోతుకు తీసుకొని పోయేది ఆ ట్యూబే. అది లేకపోతే వాడు మొలలోతు దాటడు. ట్యూబు తేలుతుంది గాని ఆగదు, మనం అనుకున్న వైపు తిరగదు. నడుము దాకా లోపల దూరినవాడు చేతులు పైకెత్తితే చాలు, కిందికి జారిపోతాడు. ఎండకు బిగిసిన ట్యూబు చల్లని నీటిలో మెత్తబడుతుంది. పాత అతుకు ఎప్పుడు ఊడుతుందో చెప్పలేము. లైఫ్ జాకెట్ అలా కాదు. దాన్ని ఒంటికి కట్టుకుంటాము. భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగినా గడ్డం దాకా రాకపోతే సరిగా బిగిసినట్లు.

పిల్లలు దిగే చోటు చూస్తారు. మనం ఎక్కే చోటు చూడాలి. సిమెంటు గట్టు నాచు పట్టి ఉంటే ఈత వచ్చినవాడికి కూడా పట్టు దొరకదు. ఈ రేవు దాటితే మళ్లీ మెట్లు ఎక్కడున్నాయి? మధ్యలో లాకులు గాని, తూము గాని ఉన్నాయా? అక్కడ నీరు పైకి నిదానంగానే కనబడుతుంది, అడుగున లాగుతుంది. అవి ఉన్న వైపు ట్యూబు వేయనే కూడదు.

ఆనకట్టల దిగువన ఇంకా జాగ్రత్త కావాలి. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని బియాస్ నదిలో హైదరాబాదు నుండి వెళ్లిన 24 మంది ఇంజనీరింగు విద్యార్థులు కొట్టుకుపోయారు. వారు ఈతకు దిగినవారు కారు, ఏటి రాళ్ల మీద ఫోటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జీ ఆనకట్ట నుండి నీరు వదిలారు. నీటికి మన ఊళ్లో వాన పడనక్కరలేదు.

ట్యూబు చేజారితే వెల్లకిలా పడుకొని, కాళ్లు ప్రవాహం పోయే వైపు ఉంచి, ఏటవాలుగా గట్టుకు చేరమని పిల్లలకు నేర్పండి. వడి నీటిలో నిలబడబోతే రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటుంది, వెనుక నీరు మనిషిని ముందుకు తోసి ముంచేస్తుంది.

గట్టు మీద ఒక పెద్దవారు తాడుతో ఉండాలి. తమ్ముడి కోసం దూకిన అన్న కూడా పోయిన ఇళ్లు ఎన్నో! తాడు, గెడ, చీర, ఏదైనా సరే, గట్టు నుండే అందించాలి.

పైకి తీసిన పిల్లవాణ్ణి తలకిందులు చేసి తిప్పడం, పొట్ట నొక్కడం మానాలి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, ముందు నోటిలో ఊపిరి ఊదాలి. తరువాత రొమ్ము మధ్య 30 సార్లు గట్టిగా నొక్కి, 2 సార్లు ఊదుతూ ఉండాలి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోను చేయాలి. లేచి కూర్చున్నా సరే, ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి. ఊపిరితిత్తుల్లో నీరు చేరినవాడికి ఆయాసం కొన్ని గంటల తరువాత రావచ్చు.