కళ్లల్లో మిర్చి, చేతిలో పాల గిన్నె



మొన్న జుమ్మా నమాజ్ నుంచి వచ్చేసరికి తిరుమలగిరిలో మా ఇంట్లో అందరూ దగ్గుతున్నారు. మా చిన్నమ్మాయి కాలేజీ బ్యాగులోంచి పెప్పర్ స్ప్రే డబ్బా తీసి, అసలు పనిచేస్తుందో లేదో చూద్దామని ఒక్కసారి నొక్కిందట. పనిచేసింది. చిన్న గది, కిటికీ మూసి ఉంది, పైన ఫ్యాన్ తిరుగుతోంది. పిల్ల నేల మీద కూర్చుని రెండు చేతులతో కళ్లు నులుముకుంటోంది. మా అమ్మీ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పాల గిన్నెతో నిలబడింది. పక్కింటి ఖాలా తేనె రాయమంటోంది. ఇంకొకరు నెయ్యి అన్నారు. మా ఇంటావిడ అర్కే గులాబ్ సీసా కోసం అల్మారా అంతా వెతుకుతోంది. కుళాయి రెండడుగుల దూరంలో ఉంది. అది ఎవరికీ గుర్తు రాలేదు, నాతో సహా. నేను చేసిన మొదటి పని పిల్లను తిట్టడం.

పిల్ల గంటలో తేరుకుంది. కానీ మా అమ్మీకి దమా ఉంది. అందరం పిల్ల కళ్ల ఫికర్‌లో ఉండి, ఆమె ఛాతీలో పిల్లికూతలు మొదలైనా పట్టించుకోలేదు. ఆ రాత్రి ఆమెకు దవాఖానాలో నెబ్యులైజర్ పెట్టించాల్సి వచ్చింది. ఇది రాయడానికి కారణం అదే.

మన తెలుగువాళ్లకు పెప్పర్ స్ప్రే అంటే ఏమిటో బాగా తెలిసింది 2014 ఫిబ్రవరి 13న. లోక్‌సభలో రాష్ట్ర విభజన బిల్లు పెడుతుంటే విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ దాన్ని చల్లారు. ఆత్మరక్షణ కోసమే అన్నారాయన. సభ్యులు దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ బయటికి పరుగెత్తారు. కొందరిని రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రికి తీసుకెళ్లారు. అప్పట్లో చాలామంది అది మిరియాల పొడి అనుకున్నారు. ఆ పెప్పర్ మన మిరియం కాదు, మిరపకాయే. మన గుంటూరు మిర్చిలో ఉండే ఘాటే, దాని సారం తీసి డబ్బాలో నింపుతారు.

తర్వాత 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర ఆ ఘోరం జరిగింది. ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లో భయం పట్టుకుంది. హైదరాబాద్ మెట్రోలో ఆడవాళ్లు పెప్పర్ స్ప్రే వెంట తీసుకెళ్లడానికి అనుమతి కూడా ఇచ్చారు. మనమూ కొన్నాం, బేటీ బ్యాగులో పెట్టాం, మన జిమ్మేదారీ అయిపోయిందనుకున్నాం. అది ఎదుటివాడి కళ్లల్లోనే పడుతుందని గ్యారంటీ ఏముంది? గాలి ఎదురైతే మన పిల్ల మొహానికే వస్తుంది. ఆటోలోనో లిఫ్టులోనో కొడితే ఇద్దరికీ తగులుతుంది. అప్పుడేం చేయాలో పిల్లకు చెప్పామా? నేను చెప్పలేదు.

మంట సంగతి ముందు తెలియాలి. మిర్చిలో ఉండే కాప్సైసిన్ చర్మాన్ని నిప్పులా కాల్చదు. 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే మేల్కొనే నరాల ద్వారాన్నే అది తెరుస్తుంది. దాంతో మెదడు కాలుతోందనే నమ్ముతుంది. ఈ ద్వారాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది, ఆయన దాన్ని పట్టుకుంది కూడా కాప్సైసిన్‌తోనే. అందుకే కాలిన గాయానికి పూసే మలాము గానీ, టూత్‌పేస్టు గానీ ఇక్కడ పనికిరావు. అక్కడ కాలిందేమీ లేదు.

ఇక మన నుస్ఖాలు. కాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. మన నానీ దాదీలకు ఈ మాట తెలియకపోయినా పని తెలుసు. పచ్చడికి మిర్చి దంచిన చేతులకు నూనె రాసుకుని, తర్వాత సబ్బుతో కడిగేవాళ్లు. బిర్యానీ ఘాటెక్కితే నోటికి దహీ. రెండూ సరైనవే. తప్పు ఎక్కడంటే, చేతికీ నోటికీ పనికొచ్చిందాన్ని కంటికి తీసుకెళ్లడం. మొహానికి నెయ్యి, కొబ్బరినూనె, క్రీము పూస్తే ఆ మిర్చి నూనె చర్మానికే అంటుకుని ఉండిపోతుంది, ఇంకా పాకుతుంది. పాలలో క్రిములుంటాయి, మంటెత్తిన కంట్లో వాటిని పోయడం ఇన్ఫెక్షన్‌ను దావత్‌కి పిలవడమే. తేనె, నిమ్మరసం, సుర్మా సంగతి చెప్పనే అక్కర్లేదు.

పాలు నిజంగా అంత గొప్పవా అని పరీక్షించినవాళ్లు కూడా ఉన్నారు. 2008లో అచ్చైన ఒక అధ్యయనంలో 49 మంది మొహాలకు ఈ మిర్చి మందు తగిలించి, కొందరికి పాలు, కొందరికి బేబీ షాంపూ, కొందరికి కడుపు మంటకు తాగే యాంటాసిడ్, కొందరికి మొద్దుబార్చే లిడోకైన్ జెల్, మిగతావాళ్లకు మామూలు నీళ్లు ఇచ్చారు. ఏ గుంపుకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నొప్పిని తగ్గించింది గడిచిన సమయమే. సబర్ అన్నమాట. అయితే సబర్ అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు, కుళాయి కింద తల పెట్టి ఆగడం.

ముందు ఆ గదిలోంచి బయటికి రావాలి, గాలికి ఎదురుగా నిలబడాలి. కళ్లు నులమకూడదు, గబగబా రెప్పలు కొట్టుకోవాలి, కన్నీళ్లే సగం కడుగుతాయి. వుజూలో మనం మొదట చేతులు కడుగుతాం కదా, ఇక్కడా అదే తర్తీబు. చేతులు సబ్బుతో కడగకుండా మొహం ముట్టుకుంటే మళ్లీ మిర్చి రాసుకున్నట్టే. కాంటాక్ట్ లెన్సులుంటే తీసి పారేయాలి. తర్వాత చల్లటి నీళ్లు, ధారగా, కనీసం పది పదిహేను నిమిషాలు. కళ్లలో నీళ్లు తప్ప ఇంకేమీ వద్దు. చుట్టూ చర్మానికి బేబీ షాంపూ వాడొచ్చు, కళ్లు మూసుకుని, రుద్దకుండా.

మన ఆడవాళ్లకు ఇంకో మాట చెప్పాలి, కొంతమందికి నచ్చకపోవచ్చు. స్ప్రే పడ్డ నఖాబ్, స్కార్ఫ్ మొహం మీద ఉన్నంతసేపూ ఆ మందును ముక్కుకూ నోటికీ అందిస్తూనే ఉంటాయి. వెంటనే తీసేయాలి. తల మీదుగా లాగితే అదంతా మళ్లీ కళ్లకు అంటుతుంది కాబట్టి పిన్నులు విప్పి పక్కకు తీయాలి, రాకపోతే కత్తెర వేయాలి. రోడ్డు మీద ఎలా అంటారా? పక్కన మందుల షాపులోకో, ఎవరింట్లోకో వెళ్లండి. అదీ లేకపోతే రోడ్డు మీదే తీసేయండి. ఊపిరాడక గిలగిల్లాడుతున్న పిల్లను ఎవరు చూస్తారోనని ఆగమనే తల్లిని నేను సమర్థించలేను. మజ్‌బూరీలో మన దీన్ ఇచ్చిన వెసులుబాటు ఇలాంటి వేళకే.

మామూలుగా గంటలోపు తగ్గుతుంది. ఆ తర్వాత కూడా చూపు మసకగా ఉన్నా, వెలుతురు చూడలేకపోతున్నా, కంట్లో ఇసుక పడ్డట్టున్నా డాక్టర్‌కు చూపించాలి, నలిపిన కన్ను గీరుకుపోయి ఉండొచ్చు. ఊపిరి సంగతికైతే గంట కూడా ఆగొద్దు. దమా ఉన్నవాళ్లు, పసిపిల్లలు, ముసలివాళ్లు ఆ గదిలో ఉంటే ముందు వాళ్లను బయటికి తీసుకురండి, ఇన్‌హేలర్ ఇవ్వండి, ఆయాసం తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. మా వైపు వాళ్లకు గాంధీ ఆసుపత్రి ఉంది. స్ప్రే కొట్టింది పిల్లే అయినా డాక్టర్ దగ్గర దాచొద్దు. మేము ఆ రాత్రి ఇజ్జత్ అనుకుని "మిర్చి పోపు ఘాటు" అని చెప్పబోయాం. అమ్మీయే అందుకుని అసలు సంగతి చెప్పింది.

డబ్బా ఇప్పుడు వంటింటికి దూరంగా ఉంది. ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో పెట్టొద్దని, దాని మీద గడువు తేదీ ఉంటుందని కూడా ఇప్పుడే చదివాను. ఈ ఇత్‌వార్ పిల్లలిద్దరినీ మేడ మీదికి తీసుకెళ్తాను. గాలి వీపు వైపు ఎలా పెట్టుకోవాలో చూపించాలి. రెండు బిందెల నీళ్లు ముందే పైకి చేర్చమని చెప్పాను. అమ్మీ కింద గదిలో కిటికీలు మూసుకుని ఉంటానంది.