ఉచితం పేరిట తగ్గిన తూకం

కేంద్ర మంత్రివర్గం 2022 డిసెంబరు చివరలో తీసుకున్న ఒక నిర్ణయం దేశానికి ఉచిత బియ్యం వరంగా వినిపించింది. ఆహార భద్రత చట్టం కింద కిలో మూడు రూపాయలకు ఇస్తున్న బియ్యం, రెండు రూపాయలకు ఇస్తున్న గోధుమలు 2023 జనవరి నుంచి పైసా తీసుకోకుండా 81 కోట్ల మందికి ఇస్తామన్నారు. కరోనా వచ్చిన 2020 ఏప్రిల్‌లో మొదలై మనిషికి నెలకు అదనంగా అందుతున్న ఐదు కిలోలు కూడా అదే నిర్ణయంతో ఆగిపోయాయి. ఐదుగురున్న కుటుంబాన్ని తీసుకుందాం. డిసెంబరులో 50 కిలోలు రావలసిన ఇంటికి జనవరిలో 25 కిలోలే వచ్చాయి. బియ్యం ఉచితం కావడం వల్ల ఆ ఇంటికి మిగిలింది 75 రూపాయలు. కిలో రూపాయికే ఇస్తున్న తెలుగు రాష్ట్రాల్లోనైతే అదీ లేదు, 25 రూపాయలే. పోయిన 25 కిలోల వెల ఎంత? 2023లో తన అన్నభాగ్య రేషన్ పథకానికి అదనపు బియ్యం కేంద్రం నుంచి దొరక్క, కర్ణాటక ప్రభుత్వం దాని బదులు డబ్బు చెల్లించింది. అప్పుడు కిలోకు కట్టిన ధర 34 రూపాయలు. ఆ లెక్కన 850 రూపాయలు. కేంద్రమే జరిపిన 2022-23 గృహ వినియోగ సర్వే ప్రకారం పల్లెల్లో అట్టడుగు ఐదు శాతం మంది నెలకు తలకు పెట్టే ఖర్చు 1,373 రూపాయలు. ఐదుగురికి కలిపి ఏడు వేలకు లోపే. అందులో తొమ్మిదో వంతుకు పైగా ఒక్క ప్రకటనతో జారిపోయింది.

ఆహార సాయానికి కోత పెడుతున్నామని ఏ ప్రభుత్వమూ చెప్పదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1996లో రెండు రూపాయల బియ్యాన్ని మూడున్నర చేసినప్పుడు ఆ పెంపు ప్రతి ఇల్లాలికీ తెలిసింది, ఊరూరా చర్చ జరిగింది, 2008లో తిరిగి రెండు రూపాయలకు తేక తప్పలేదు. ధర పెంచితే జనం నిలదీస్తారని అప్పుడే తేలిపోయింది. అందుకే ఇప్పటి కోతలు ధర జోలికి వెళ్లవు. పాత జనాభా లెక్కలో, జాబితా సవరణలో, వేలిముద్ర పడని యంత్రంలో దాక్కుని వస్తాయి. ఇలాంటి కోతతో ఖర్చు మాయమైపోదన్నదే ఈ వ్యాసం వాదన. ఖజానా దించుకున్న బరువు పేదింటి పళ్లెం మీద పడుతుంది, అదీ అన్నం ఉన్న చోట కాకుండా పప్పు, గుడ్డు ఉండవలసిన చోట.

ఇది ఎలా జరుగుతుందో కాస్త నిదానంగా చూడాలి. పల్లెల్లో మనిషి నెలకు తినే ధాన్యం దాదాపు తొమ్మిదిన్నర కిలోలు. రేషన్ ఇచ్చేది ఐదు. మిగతాది ఎలాగూ కొనుక్కోవాలి. కాబట్టి రేషన్ తగ్గినంత మాత్రాన ఏ ఇంట్లోనూ వెంటనే అన్నం తగ్గదు. కడుపు నింపేది ముందు కావాలి గనుక బియ్యం కొంటారు, కందిపప్పు అరకిలోకు దించుతారు, పాలు మానేస్తారు, గుడ్డు పిల్లాడికి మాత్రమే ఉంచుతారు, నూనె చుక్కలతో సరిపెడతారు. ఆ తరువాత కిరాణా కొట్టు ఖాతా పెరుగుతుంది, మందులు వాయిదా పడతాయి. అందుకే కోత పెట్టినవారికి ఆకలి చావులు కనిపించవు, ఏమీ జరగలేదన్న ధీమా కలుగుతుంది. జరిగేది రక్తంలో జరుగుతుంది. కోతకు ముందే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే, 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత దేశంలో 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 59, తెలంగాణలో దాదాపు 58. తెలంగాణలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం. అందరికీ వడ్డించి చివర తినే ఆడవాళ్ల పళ్లెంలోంచే ముందుగా పప్పు తరుగుతుంది. బియ్యం మీద పెట్టిన కోతను బియ్యం లెక్కల్లోనే వెతికితే దాని నష్టం ఎప్పటికీ దొరకదు.

కోతతో ఖజానాకైనా మేలు జరుగుతుందా అంటే, మన దేశ అనుభవం కాదనే చెబుతోంది. 1997లో దారిద్ర్యరేఖ గీసి రేషన్‌ను రెండుగా విడగొట్టారు. 2000 బడ్జెట్‌లో గీతకు పైవారికి భారత ఆహార సంస్థకయ్యే ఖర్చంతా, దిగువవారికి అందులో సగం ధరగా నిర్ణయించారు. రేషన్ షాపుల నుంచి సరుకు కదలడం తగ్గింది, గోదాముల్లో పేరుకుంది. 2002 మధ్యకు నిల్వలు ఆరు కోట్ల టన్నులు దాటాయి. తగ్గించాలనుకున్న సబ్సిడీ బిల్లు నిల్వల ఖర్చుతో మూడేళ్లలో రెట్టింపు దాటింది. పేదలకిచ్చే ధరకే ఎగుమతిదారులకు ధాన్యం అమ్మవలసి వచ్చింది. గోదాములు నిండి, కరవు జిల్లాల్లో జనం పస్తులుంటున్నప్పుడే పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ 2001లో సుప్రీంకోర్టు తలుపు తట్టింది. ఆహారం హక్కుగా 2013లో చట్టమైందంటే దాని వెనుక ఆ వ్యాజ్యం ఉంది.

నా దృష్టిలో పరిమాణం మీద కోత కంటే మనుషుల మీద కోత మరీ అన్యాయం. కరోనా పోయాక అదనపు ఐదు కిలోలు శాశ్వతంగా కొనసాగించలేమన్న మాటలో కొంత నిజముంది. అది ఏడాదికి దాదాపు ఐదు కోట్ల టన్నుల ధాన్యం, అంత భారం ఏటా మోయడం కష్టమే. అసలు జాబితాలోనే లేని మనిషి సంగతి వేరు. చట్టం పల్లెల్లో 75 శాతానికి, పట్టణాల్లో 50 శాతానికి హక్కు ఇచ్చింది. ఆ శాతాలు ఇప్పటికీ 2011 జనాభా మీదే నడుస్తున్నాయి. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు. పెరిగిన జనాభాను లెక్కలోకి తీసుకుంటే పది కోట్లకు పైగా మంది హక్కు ఉండీ బయటే ఉన్నారని ఆర్థికవేత్తలు జీన్ ద్రెజ్, రీతికా ఖేరా 2020లోనే అంచనా వేశారు. అసంఘటిత కార్మికుల ఈ-శ్రమ్ పోర్టల్‌లో నమోదైనవారిలో దాదాపు 8 కోట్ల మందికి రేషన్ కార్డులే లేవని తేలి, వారికి కార్డులు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో ఆదేశించింది, 2024లో మళ్లీ చెప్పవలసి వచ్చింది. కొత్తగా పెళ్లయి వేరు కాపురం పెట్టిన జంట, నిన్న పుట్టిన బిడ్డ, పని కోసం ఊరు విడిచిన మేస్త్రీ, వీళ్ల పేర్లు ఎవరూ కొట్టేయలేదు. ఎక్కనివ్వలేదు, అంతే.

ఉన్నవారిని తీసేయడం దీనికి తోడు. తెలంగాణలో రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించాలని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో చెప్పింది. కంప్యూటర్ జల్లెడ పట్టి తీసేస్తే చాలు, మనిషి వెళ్లి అడగనక్కర్లేదన్న పద్ధతిని ఆ ఆదేశం ప్రశ్నించింది. ఝార్ఖండ్‌లో ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేసినప్పటి పరిస్థితిని కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు శాస్త్రీయంగా కొలిచారు. వేలిముద్ర ఒక్కదానితో దారి మళ్లింపు తగ్గలేదు. అప్పటికి ఆధార్ కలపని 23 శాతం మందికి మాత్రం అందే సరుకు విలువ సగటున పది శాతం తగ్గింది. దొంగ కోసం బిగించిన తాళానికి ఇంటివాళ్లు బయట చిక్కుకున్నారన్నమాట.

ప్రతివాదాల్లో గట్టిది రేషన్ బియ్యం అమ్ముకుంటున్నారు కదా అన్నది. కాకినాడ పోర్టులో 2024లో రేషన్ బియ్యం ఎక్కించిన ఓడను ఆపిన ఉదంతం అందరికీ గుర్తుంది. ఇక్రియర్ సంస్థ అదే ఏడాది దేశంలో 28 శాతం రేషన్ ధాన్యం దారి మళ్లుతోందని, ఆ నష్టం 69 వేల కోట్లని లెక్క కట్టింది. ఈ సంఖ్యను కొట్టిపారేయడం లేదు. కానీ 2011-12లో ఇదే దాదాపు 46 శాతం. ఆ మధ్యలో జరిగింది ఆహార భద్రత చట్టం వచ్చి ఎక్కువమందికి తక్కువ ధరకు హక్కుగా ఇవ్వడం. జాబితా విస్తరించిన కాలంలోనే చోరీ తగ్గింది, ఎందుకంటే హక్కు ఉన్నవాడు డీలర్‌ను అడుగుతాడు. ఇక ఇళ్ల నుంచి అమ్ముడయ్యే బియ్యం మాట. సన్న బియ్యానికి అలవాటుపడిన చోట దొడ్డు బియ్యం ఇస్తే అమ్ముకోవడం వింత కాదు. తెలంగాణ 2025 ఉగాది నుంచి సన్న బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. ఇది రోగానికి సరిపడే మందు. తినని బియ్యం ఇచ్చి, తినడం లేదు కాబట్టి తగ్గిస్తామనడం న్యాయం కాదు.

పేదరికం దాదాపు పోయిందిగా అన్నది మరో వాదన. అలా చెప్పేవారు చూపే 2022 నాటి ఐఎంఎఫ్ పరిశోధన పత్రాన్నే చదవాలి. సుర్జీత్ భల్లా తదితరులు రాసిన ఆ పత్రం, మహమ్మారి ఏడాదిలోనూ తీవ్ర పేదరికం ఒక శాతం లోపే ఉండటానికి కారణం రెట్టింపు చేసిన రేషనే అంటుంది. గోడ నిలబడింది గనుక ఊతకర్ర తీసేయమనే వాదన ఇది. ఖర్చు సంగతికి వస్తే, 2025-26 బడ్జెట్‌లో 50 లక్షల కోట్లకు పైగా ఉన్న మొత్తంలో ఆహార సబ్సిడీ రెండు లక్షల కోట్ల చిల్లర, నాలుగు శాతం.

ధాన్యం లేదనడానికీ వీల్లేదు. 2025 జూన్ నాటికి మర పట్టని వడ్లతో కలిపి కేంద్రం దగ్గర బియ్యం దాదాపు ఆరు కోట్ల టన్నులు. జులై 1కి ఉండవలసిన నిల్వ 1.35 కోట్ల టన్నులే. ఆ బియ్యంలోంచి 52 లక్షల టన్నులు ఇథనాల్ కర్మాగారాలకు కిలో 22 రూపాయల 50 పైసల చొప్పున కేటాయించారు. సేకరణ, రవాణా, నిల్వ కలిపి ప్రభుత్వానికి పడేది కిలోకు దాదాపు 40 రూపాయలు. జాబితా బయట ఉన్న పది కోట్ల మందికి ఏడాది పొడుగునా నెలకు ఐదు కిలోలు ఇవ్వడానికి కావలసింది 60 లక్షల టన్నులు. ఖర్చు సుమారు 24 వేల కోట్లు, అంటే కేంద్ర బడ్జెట్‌లో అర శాతం.

జనగణనకు ఇప్పుడు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. ఆ అంకెలు బయటికి రాగానే 75, 50 శాతాల మీద పేచీ మొదలవుతుంది. చట్టం పరిధిని 67 శాతం నుంచి 40కి దించాలని భారత ఆహార సంస్థ పునర్వ్యవస్థీకరణపై వేసిన శాంతకుమార్ కమిటీ 2015లోనే సిఫార్సు చేసింది, పల్లెల్లో 60, పట్టణాల్లో 40 చాలని 2021లో నీతి ఆయోగ్ చర్చాపత్రం సూచించింది. శాతం దిగితే కొత్త జనాభా లెక్క తెచ్చే పేర్లన్నీ చడీచప్పుడు లేకుండా రాలిపోతాయి. కేంద్రం లెక్కకు మించిన కార్డుల భారం ఇప్పటికే సొంత ఖజానా నుంచి మోస్తున్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలకు ఈ బేరంలో అందరికన్నా ఎక్కువ పని ఉంది. పార్టీలేవైనా, ఆ శాతాలు తగ్గించబోమన్న హామీని జనగణన పూర్తయ్యేలోగానే కేంద్రం చేత పార్లమెంటులో చెప్పించుకోవాలి. అప్పటిదాకా ఆగకుండా, జనాభా అంచనాల ఆధారంగా కొత్త కార్డుల కోటా ఇప్పుడే అడగాలి.