కుట్టుమిషను ఇచ్చాక

ఉత్తరాంధ్రలోని పాత రైల్వే కుటుంబాలకు గార్డెన్ రీచ్ అనగానే గుర్తొచ్చేది ఆఫీసు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లోనూ, 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడ్డాకా వాల్తేరుకు పెద్దాఫీసు అదే. బదిలీ ఆర్డరైనా, ప్రమోషనైనా కలకత్తా దక్షిణపు అంచున హుగ్లీ ఒడ్డునున్న ఆ భవనాల నుంచే రావాలి. 2003 ఏప్రిల్‌లో భువనేశ్వర్ కేంద్రంగా తూర్పు కోస్తా రైల్వే మొదలయ్యేదాకా ఇదే వరస. ఆ ఆఫీసు గోడకు అవతల ఎవరున్నారో మనలో ఆరా తీసినవాళ్లు తక్కువ.

అవతల ఉన్నది మెటియాబ్రూజ్. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లీషు దొరలు తోట బంగళాలు కట్టుకున్న తీరం అది. సర్ విలియం జోన్స్ కూడా అక్కడే కాపురమున్నారు. 1856లో కుంఫిణీ ప్రభుత్వం రాజ్యం లాక్కుంటే అవధ్ నవాబు వాజిద్ అలీ షా వచ్చి అక్కడ స్థిరపడ్డారు. 1887లో కన్నుమూసేదాకా అక్కడే ఇంకో లక్నోను కట్టుకుంటూ గడిపారు. ఆయన వెంట వచ్చిన పరివారంలో దర్జీలూ ఉన్నారని, ఇవాళ్టి బట్టల వ్యాపారానికి వాళ్లే మూలపురుషులని అక్కడివారు చెబుతారు. అది ఎంతవరకు నిజమైనా, చిన్నపిల్లల రెడీమేడ్ దుస్తులకు మెటియాబ్రూజ్ పెద్ద సంత అన్నది మాత్రం కళ్లెదుటి సంగతి. ఒకే పేట ఓడల కార్ఖానాలో యుద్ధనౌకలూ కడుతుంది, పసిపిల్లల గౌన్లూ కుడుతుంది.

మిషను మీద కుట్టేది ఎక్కువగా మగవాళ్లు. ఆ గౌనుకు హుక్కులు వేయడం, గుండీలు కుట్టడం, దారాల కొసలు కత్తిరించడం, చమ్కీలు అతకడం వంటి పనులు మూటకట్టి ఇళ్లకు పంపుతారు. ఇంట్లో ఆడవాళ్లు వంటకూ నీళ్లకూ మధ్య ఆ మూట విప్పుకుని కూర్చుంటారు. కూలి డజను లెక్కన. రేటు మూట తెచ్చినవాడు చెప్పిందే.

పేదింటి ఆడపిల్లకు సాయం చేయాలన్న ఆలోచన వచ్చినప్పుడల్లా చర్చి సంస్థలకు మొదట తట్టేది కుట్టుపనే. అందుకే ఈ గుమ్మం ముందు కాసేపు ఆగాలనిపించింది.

ఆ అలవాటుకు కలకత్తాలో పాత చరిత్రే ఉంది. 1821లో ఇంగ్లండు నుంచి వచ్చిన మేరీ ఆన్ కుక్ ఇక్కడ ఆడపిల్లల బడులు తెరిచి అక్షరాలతోపాటు సూదిపనీ నేర్పించారు. తర్వాతి తరంలో హానా క్యాథరిన్ మల్లెన్స్ వచ్చారు. కలకత్తాలోనే పుట్టిన మిషనరీల బిడ్డ ఆమె. 1852లో బెంగాలీలో ‘ఫుల్మణి ఓ కరుణార్ బిబరణ్’ రాశారు. దాన్ని తొలి బెంగాలీ నవల అనవచ్చా లేదా అన్న తగవు విమర్శకుల్లో ఉంది. ఆమె ఒకసారి చెప్పుల జోడు మీద పువ్వులు కుడుతుంటే, చూడవచ్చిన ఒక పెద్దమనిషి ముచ్చటపడి మా ఇంటి ఆడవాళ్లకూ నేర్పండి అన్నాడట. మిషన్ వర్గాలు తరాల తరబడి చెప్పుకున్న కథ ఇది. అక్షరం పేరు చెబితే తెరుచుకోని అంతఃపురం తలుపు అల్లిక పేరు చెబితే తెరుచుకుంది. సూది వెనకాలే పుస్తకం లోపలికి వెళ్లింది. మతవ్యాప్తి వాళ్ల ఉద్దేశమని వాళ్లే దాచుకోలేదు. అయినా చదువు అబ్బిన అమ్మాయిలు ఆ చదువును తమ దారిన తాము వాడుకున్నారు.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ ఊళ్లో ఈ సేవకు వేరే ముఖాలు వచ్చాయి. లొరెటో కాన్వెంటు వదిలి 1948లో మోతీఝీల్ బస్తీలో నేల మీద అక్షరాలు దిద్దించిన మదర్ థెరిసా అందరికీ తెలుసు. సుబీర్ బిశ్వాస్ పేరు తెలుగు పాఠకులు విని ఉండరు. ఆయన సెయింట్ పాల్స్ కెథీడ్రల్ పాదిరి. తూర్పు పాకిస్తాన్ శరణార్థులు పోటెత్తిన 1971 ప్రాంతంలో కెథీడ్రల్ రిలీఫ్ సర్వీస్ ఆరంభించారు. తిండి, మందులతో మొదలైన ఆ పని నగరపు బస్తీల్లో పిల్లల చదువు, ఆడవాళ్ల ఉపాధి దాకా సాగింది. ప్రార్థనకు వచ్చేవాళ్ల కోసమే గుడి తలుపులు తీసి ఉంచితే చాలదని నమ్మిన మనిషి ఆయన.

ఈ సేవను తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం మాకు లేదు. అయితే సూది చేతికొచ్చాక ఏమవుతుందో మన పశ్చిమ గోదావరి ముందే చూసింది.

నరసాపురం ప్రాంతానికి లేసు అల్లికను తెచ్చింది పంతొమ్మిదో శతాబ్దపు మిషనరీ కుటుంబాలే. పేద క్రైస్తవ స్త్రీలకు నాలుగు డబ్బులు వస్తాయని మాక్రే దొరసాని వంటివారు క్రోషే సూది పట్టించారు. ఆ మంచి ఆలోచన మిషన్ చేతి నుంచి ఎగుమతిదారుల చేతికి పోయింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడి పల్లెల్లో తిరిగి 1982లో ఒక పుస్తకం రాశారు. అందులో ఆమె చూపించింది ఇది: రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతున్న ఆడవాళ్లను ఊళ్లో ఎవరూ కూలీలు అనరు. వాళ్లూ అనుకోరు. ఇంటిపట్టున ఊరికే కూర్చోలేక అల్లుతున్నారన్నది అందరి మాట. ‘తీరిక వేళ పని’ అన్నారు గనక కూలి పొలం కూలి కంటే తక్కువైనా ఎవరికీ తప్పనిపించలేదు. గోషా కారణంగా పొలానికి వెళ్లని కాపు స్త్రీలకు అది గౌరవమైన పని అయింది. ఆ గౌరవమే బేరం ఆడనివ్వలేదు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. కానీ ఆ ముద్ర సరుకు పుట్టిన చోటును చెబుతుందే గాని, అల్లిన చేతికి ఎంత ముట్టిందో చెప్పదు.

మెటియాబ్రూజ్ ఆడవాళ్ల మూటా, నరసాపురం ఆడవాళ్ల దారపుబంతీ ఒకే గూటివి. పని వచ్చినంత మాత్రాన రేటు చెప్పే అధికారం రాదు. అధికారం వచ్చేది నలుగురు కూడి కూర్చున్నప్పుడు.

దీనికి దాఖలా ఆఫ్రికా నుంచి వస్తోంది. 1991లో నైజర్‌లో కేర్ సంస్థ పల్లె స్త్రీలతో పొదుపు సంఘాలు మొదలుపెట్టింది. బయటి డబ్బు పైసా లేదు. వారంవారం సభ్యులు వేసుకున్నదే మూలధనం. ఇలాంటి సంఘాల్లో డబ్బు దాచే పెట్టెకు మూడు తాళాలుంటాయి. మూడు చెవులు ముగ్గురి దగ్గర, పెట్టె ఇంకొకరి ఇంట్లో. అందరూ కూడితే తప్ప తెరుచుకోదు, ఏ మొగుడూ రాత్రికి రాత్రి పట్టుకుపోలేడు. ఇథియోపియాలో చర్చి సంస్థలు 2002 నుంచి స్త్రీల స్వయం సహాయక సంఘాలను పల్లెల దాకా విస్తరించాయి. ఆ నమూనాను ఆ ఖండానికి చేర్చినవాటిలో కిండర్‌నోట్‌హిల్ఫే అనే జర్మన్ క్రైస్తవ సంస్థ ఒకటి. అది వాళ్లు నేర్చుకున్నది మన పక్కనే, కర్ణాటకలోని మైరాడా అనే స్వచ్ఛంద సంస్థ దగ్గర. తెల్లదొరలు ఆఫ్రికాకు వెలుగు పట్టుకెళ్లారని చిన్నప్పటి పాఠాల్లో చదువుకున్న తరానికి ఈ తిరుగు ప్రయాణం ముచ్చటగా ఉంటుంది.

మనకైతే ఇది కొత్త పాఠం కూడా కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1990ల ఆరంభంలో సారా కొట్టు మూయించారు. ఆ సారా డబ్బే పొదుపుగా మార్చుకుని జిల్లా అంతటా పొదుపు సంఘాలకు దారి చూపారు. వాళ్లకు ముందుగా ఎవరూ కుట్టుమిషన్లు పంచలేదు.

బయటి విరాళం మీద నిలిచిన సేవకు ఇంకో చిక్కుంది. 2021 క్రిస్మస్ రోజున మదర్ థెరిసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ చారిటీకి విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ నిరాకరించారు. రెండు వారాలకే తిరిగి ఇచ్చారు. ఆ ఉత్తర్వు తప్పొప్పులు ఎలా ఉన్నా, అంత పెద్ద సంస్థకే అలా జరిగితే బస్తీలో రెండు గదుల కుట్టు కేంద్రం గతేమిటి? ఢిల్లీ కాగితం కోసం ఎదురుచూడకుండా నడవగలిగేవి అక్కడి ఆడవాళ్లు సొంతంగా కూడబెట్టుకున్న సొమ్ము, సొంతంగా రాసుకున్న రేట్ల పట్టీ. చర్చి అయినా, మసీదు కమిటీ అయినా, రామకృష్ణ మఠమైనా ఇవ్వగలిగిన పెద్ద సాయం వాళ్లు కూర్చోవడానికి ఒక గది, లెక్క రాయడం నేర్పే ఒక మనిషి.

రానున్న పండగలకు మనలో చాలామంది ఏదో ఒక సేవా సంస్థకు చందా రాస్తాం. కుట్టుమిషను పక్కన నిలబడిన అమ్మాయి ఫొటో రసీదుతోపాటు వస్తుంది. ఈసారి ఆ సంస్థకు ఒక ఉత్తరం ముక్క రాయండి. ఆ అమ్మాయి కుట్టే గౌనుకు కూలి ఎంత, ఆ రేటు చెబుతున్నది ఎవరు, డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది అని అడగండి. జవాబు ఇవ్వగలిగిన సంస్థకు మరో నూరు ఎక్కువే పంపండి.